తలుపు తెరచిన ఇల్లు

అన్నదానం మహాపుణ్యమని వినని ఇల్లు మనలో ఉండదు. పండుగనాడో, పెద్దల తిథినాడో శక్తికొలది నలుగురికి విస్తరి వేస్తాం. దేవాలయంలో నిత్యాన్నదానానికి విరాళం కట్టి రసీదు భద్రపరచుకుంటాం. ఇవన్నీ శ్లాఘనీయమైన పనులే. అయితే పాఠక మహాశయులు ఒక్కమారు ఊహించండి. మీ ఇంట భుజించిన ఆ మనిషి చేయి కడుగుకొని వెళ్లిపోక, "అయ్యా, నాకు పోయేందుకు చోటు లేదు, ఇక్కడే ఉంటాను" అంటే ఏం చేస్తాం? ఒక రాత్రికి సరే. నెల గడచినా కదలకపోతే? అతడు మద్యపాన వ్యసనపరుడైతే? మతి స్థిమితం లేనివాడై అర్ధరాత్రి కేకలు పెడితే? ఎవరినో కాదు, ముందుగా నన్ను నేనే అడుగుకున్న ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నకు తొంబై ఏళ్లకు పైగా తమ నిత్యజీవితంతోనే సమాధానం చెబుతున్నవారు అమెరికాలో ఉన్నారు. వారు కాథలిక్కులు. వారి సమూహాన్ని 'కాథలిక్ వర్కర్' అంటారు, వారి నివాసాలను ఆతిథ్య గృహాలంటారు. అవి అనాథాశ్రమాలు కావు, ప్రభుత్వ వసతి గృహాలు కావు. సేవ చేసేవారూ, సేవ పొందేవారూ ఒకే కప్పు క్రింద ఉండి, ఒకే బల్లవద్ద ఒకే కుండలోని పులుసు త్రాగే ఇండ్లు. మన పుటలలో అన్యమత వృత్తాంతమేమని కొందరికి సందేహం కలుగవచ్చు. అతిథిని దైవంగా భావించమని చిన్ననాటినుండి వింటూ పెరిగినవాళ్లం మనం. ఆ మాటను వేరొక భాషలో, వేరొక ప్రార్థనతో అక్షరాలా ఆచరించిన వారి కథ వినడం మనకు పరాయి పని కాబోదు.

ఈ కథకు మూలపురుషులిద్దరు. వారిలో మొదటివారు డొరొతీ డే. ఆమె 1897 నవంబరు 8న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. తండ్రి పత్రికలలో క్రీడావార్తలు వ్రాసేవారు. ఇంట్లో దైవభక్తి వాతావరణం అంతగా లేదు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం నేలమట్టం చేసినప్పుడు ఈ కుటుంబం ఆవలి ఒడ్డున ఉన్న ఓక్‌లాండ్‌లో నివసిస్తున్నది. ఇండ్లు కోల్పోయినవారు పడవలలో ఓక్‌లాండ్‌కు తరలివచ్చారు. డొరొతీ తల్లి, ఇరుగుపొరుగు స్త్రీలు తమ బట్టలు తీసి ఇచ్చారు, వండి పెట్టారు. ఎనిమిదేళ్ల బాలిక అది చూచింది. ఆపద వచ్చినప్పుడు మనుషులు ఇంత మంచిగా ఉండగలిగితే మిగిలిన రోజులలో ఎందుకు ఉండరన్న ఆలోచన ఆమెను జీవితాంతం వదలలేదు.

యౌవనంలో ఆమె దారి వేరు. విశ్వవిద్యాలయ విద్య రెండేళ్లకే విడిచి 1916లో న్యూయార్క్ చేరి, సామ్యవాద పత్రికలలో పనిచేశారు. స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ 1917లో అధ్యక్ష భవనం ముందు నిలిచి చెరసాలకు వెళ్లి, అక్కడ నిరాహారదీక్ష పూనారు. మతం పేదవారిని నిద్రపుచ్చే మందు అని నమ్మే మిత్రబృందం ఆమెది. అటువంటి స్త్రీ హృదయంలో దైవచింతన ఎలా ప్రవేశించిందంటే, దుఃఖంవల్ల కాదు, ఆనందంవల్ల. స్టాటెన్ ద్వీపంలో సముద్రతీరాన ఒక చిన్న కుటీరంలో ఫార్‌స్టర్ బాటర్‌హామ్ అనే జీవశాస్త్రజ్ఞునితో సహజీవనం చేస్తుండగా 1926 మార్చిలో వారికి కూతురు పుట్టింది. పేరు టమార్. బిడ్డను ఒడిలో పెట్టుకొన్నప్పుడు కలిగిన కృతజ్ఞతను ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు. చెప్పుకోవడానికి ఒకడు ఉండాలి కదా! బిడ్డకు జ్ఞానస్నానం చేయించారు. 1927 డిసెంబరు 28న తానూ స్వీకరించారు. ఫార్‌స్టర్‌కు దేవుడన్నా వివాహమన్నా సమ్మతం కాదు. ఆయనను ఎంతగా ప్రేమించినా ఆమె విడిపోవలసివచ్చింది. ఈ ఎడబాటు తన మనస్సులో మిగిల్చిన గాయాన్ని ఆమె దాచుకోలేదు. 1952లో వెలువడిన ఆత్మకథకు 'సుదీర్ఘ ఏకాంతం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

విశ్వాసం దొరికింది కాని పని దొరకలేదు. పాత మిత్రులు కార్మికుల పక్షాన వీధులలో ఉన్నారు. క్రొత్తగా చేరిన దేవాలయంలో పేదలు ఎందరో మోకరిల్లుతున్నా, వారి పక్షాన గొంతెత్తే కాథలిక్కులు ఆమెకు కనబడలేదు. 1932 డిసెంబరులో, మహామాంద్యం దేశాన్ని కృంగదీస్తున్న కాలంలో, నిరుద్యోగుల ఆకలియాత్రను గురించి వ్రాయడానికి ఆమె వాషింగ్టన్ వెళ్లారు. డిసెంబరు 8న, మరియమాత నిష్కళంక జన్మ పండుగనాడు, అక్కడి మహాదేవాలయంలో కన్నీటితో ప్రార్థించారు. తనకున్న శక్తిని పేదలకోసం వినియోగించే దారి చూపమని కోరారు. న్యూయార్క్ చేరి ఇంటి తలుపు తెరిస్తే, లోపల ఒక అపరిచితుడు ఆమెకోసం వేచి ఉన్నాడు.

ఆయనే పీటర్ మోరిన్. నలిగిన కోటు, ఆ కోటు జేబుల నిండా పుస్తకాలు, కాగితాలు, గట్టి ఫ్రెంచి యాస. దక్షిణ ఫ్రాన్సులోని ఊల్తే అనే కుగ్రామంలో 1877లో ఇరవైమందికి పైగా సంతానం గల రైతు ఇంట పుట్టినవాడు. కొంతకాలం ఒక మతసోదరుల సంఘంలో ఉపాధ్యాయుడిగా ఉన్నాడు. 1909లో కెనడా వెళ్లి వ్యవసాయానికి ప్రయత్నించాడు. అది సాగక ఊరూరా తిరుగుతూ కూలిపని చేశాడు. ఇల్లు లేదు, భార్యాబిడ్డలు లేరు, బ్యాంకు ఖాతా లేదు. ఎదుటివాడు విన్నా వినకున్నా బోధించడం ఆయన స్వభావం. తొలినాళ్లలో డొరొతీకి ఆయన ధోరణి కొంత విసుగు పుట్టించింది కూడా. అయినా ఆ వాగ్ధాటిలో ఒక స్పష్టమైన ప్రణాళిక ఉన్నది. పండితులు, కార్మికులు కలిసి కూర్చుని మాట్లాడుకునే సభలు కావాలి. నిలువనీడ లేనివారికి ఆతిథ్య గృహాలు కావాలి. నగరంలో పని దొరకనివారు భూమిని నమ్ముకొని సమష్టిగా బ్రతికే క్షేత్రాలు కావాలి. వీటన్నింటినీ ప్రజలకు తెలియజెప్పడానికి ఒక పత్రిక కావాలి.

పీటర్ చెప్పిన వాటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది 'క్రీస్తు గది' అన్న భావన. ప్రాచీన క్రైస్తవ సమాజంలో ప్రతి ఇంటా ఒక గదిని అపరిచిత అతిథికోసం ప్రత్యేకించి ఉంచమని పీఠాధిపతులు బోధించేవారని ఆయన గుర్తు చేసేవాడు. ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠవాసులకు ఏర్పరచిన నియమావళిలోనూ వచ్చిన అతిథి నెవరినైనా సాక్షాత్తు క్రీస్తుగా స్వీకరించాలన్న విధి ఉన్నది. దీనికి మూలం మత్తయి సువార్త. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినా, పరదేశికి చోటిచ్చినా, రోగిని, ఖైదీని పరామర్శించినా అది తనకు చేసినట్లేనని క్రీస్తు అక్కడ చెబుతాడు. ఈ వాక్యాలు ఎందరో చదివారు. డొరొతీ, పీటర్ వీటిని ఉపమానంగా చదవలేదు. ఎవరో రాజు నాడు పలికిన ఆజ్ఞను సేవకుడు ఎలా చదువుతాడో అలా చదివారు.

1933 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో గుమిగూడిన జనం మధ్య 'ది కాథలిక్ వర్కర్' మొదటి సంచిక అమ్మకానికి వచ్చింది. 2,500 ప్రతులు. ముద్రణకు 57 డాలర్లు అయినవి. కొంత డొరొతీ రచనలకు వచ్చిన పారితోషికం, కొంత కరెంటు బిల్లు, గ్యాసు బిల్లు వాయిదా వేయగా మిగిలినది. వెల ఒక సెంటు. నేటికీ ఆ పత్రిక వెల ఒక సెంటే. పోస్టు ఖర్చు వేరు. కొద్ది ఏళ్లలోనే దాని ముద్రణ లక్ష ప్రతులు దాటింది.

పత్రికలో ఆతిథ్య గృహాల గురించి వ్రాసిన పీటర్ వ్యాసాలు చదివి, గూడు లేనివారు కార్యాలయపు తలుపు తట్టడం మొదలుపెట్టారు. "మీరు వ్రాశారు కదా, ఆ ఇల్లు ఎక్కడ?" అన్నట్లు వారు నిలబడితే సంపాదకురాలు ఏం చేయగలదు? వ్రాసిన మాటకు కట్టుబడాలి. మొదట ఒక చిన్న వాటాను స్త్రీలకోసం అద్దెకు తీసుకొన్నారు. తరువాత పురుషులకోసం మరొకటి. 1936లో మాట్ వీధిలోని ఒక పాత భవనానికి మారారు. అక్కడ ప్రాతఃకాలాన కాఫీ, రొట్టెకోసం వందలమంది వరుసలో నిలబడేవారు. ఇటలీనుండి వచ్చిన పేదల వాడ అది. చలికాలంలో ఆ వరుస వీధి మలుపు దాటి సాగేది. 1950లో క్రిస్టీ వీధికి, ఇంకా పలు చోట్లకు మారి, 1968లో ఈస్ట్ ఫస్ట్ వీధిలో 'సెయింట్ జోసెఫ్ గృహం', 1976లో ఈస్ట్ థర్డ్ వీధిలో ప్రధానంగా స్త్రీలకోసం 'మేరీ గృహం' స్థిరపడినవి.

ఇక ఆ ఇండ్లలో జీవితం ఎలా ఉంటుందో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కథలో అసలు పట్టు అక్కడే ఉన్నది.

అక్కడ సేవ చేయడానికి వచ్చినవారికి జీతం లేదు. తిండి, పడక, చేతి ఖర్చుకు స్వల్పమైన పైకం, అంతే. కొందరు నెలలుండి పోతారు, కొందరు జీవితమంతా ఉండిపోతారు. వచ్చిన అతిథిని నీ మతమేమిటి, నీ చరిత్ర ఏమిటి అని అడిగే ఆనవాయితీ లేదు. తిండి పెట్టేముందు ప్రార్థన చేయమని బలవంతం లేదు. ప్రార్థనలు జరుగుతాయి, రావాలనుకున్నవారు వస్తారు. మన ఊళ్లలో మతం మార్చడానికే అన్నం పెడతారన్న అనుమానం తరచు వినవస్తుంది కనుక ఈ సంగతి నొక్కి చెబుతున్నాను. డొరొతీ ఎవరికీ అన్నంతోపాటు వేదాంతం వడ్డించలేదు. ఎవరెంతకాలం ఉండవచ్చునని ఒక సంఘసేవిక ఆమెను అడిగితే, వారు మాతోనే ఉంటారు, మాతోనే మరణిస్తారు, మేమే సమాధి చేసి వారికోసం ప్రార్థిస్తాం అన్న భావంతో ఆమె సమాధానమిచ్చారట.

వినడానికి ఇది పులకింత కలిగించే మాట. ఆచరణలో? పడకలలో నల్లులు. వంటయింట్లో ఎలుకలు. ఒకరి దుప్పటి మరొకరు దొంగిలించడం. త్రాగి వచ్చి పడిపోయినవాడు, తనను ఎవరో వెంబడిస్తున్నారని రాత్రంతా తలుపులు వేసి తీసే వృద్ధురాలు, చేసిన సాయానికి కృతజ్ఞత చెప్పక తిట్టిపోసేవాడు. ఒకటే స్నానాలగది ఎదుట పదిమంది. డొరొతీ తన రచనలలో ఈ కష్టాలను కప్పిపుచ్చలేదు. తనకు అలసట వచ్చేదని, కోపం వచ్చేదని, కొన్ని వేళల కొందరి ముఖం చూడాలంటేనే భారమనిపించేదని ఆమె చెప్పుకున్నారు. ఉదయమే దివ్యబలిపూజకు వెళ్లి, జపమాల త్రిప్పి, సువార్త చదువుకొంటే తప్ప ఆ పగలు గడిచేది కాదు. పూజకు, వంటకు మధ్య ఆమె గీత గీయలేదు. ఒకటి లేకుంటే రెండవది నిలువదని ఆమెకు అనుభవంలో తెలిసింది. ఏళ్ల తరబడి గర్భగుడికి, వంటశాలకు మధ్య తిరిగిన నాకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆమెతో కలిసి పనిచేసినవారు చెప్పే ఒక సంఘటన ఉన్నది. ఒకనాడు ఒక సంపన్నురాలు వచ్చి వజ్రపుటుంగరం విరాళంగా ఇచ్చి వెళ్లింది. దానిని అమ్మితే ఎన్ని నెలల అద్దె! కొంతసేపటికి రోజూ భోజనానికి వచ్చే ఒక వృద్ధురాలు, నోటి దురుసు గల మనిషి, అక్కడికి వచ్చింది. డొరొతీ ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టారు. తోటివారు నివ్వెరపోయి, అమ్మి ఆమెకే ఏడాది అద్దె కట్టి ఉండవచ్చుగదా అన్నారు. అమ్ముకుంటుందో, వ్రేలికి పెట్టుకొని సంతోషిస్తుందో ఆమె ఇష్టం, ఆమెకూ గౌరవం ఉన్నది, దేవుడు వజ్రాలను ధనవంతులకే సృష్టించాడా అన్నది డొరొతీ వాదం. ఈ పని తెలివైనదేనా అంటే లెక్కలు చూసేవారు కాదంటారు. నేనైతే ఆ ఉంగరాన్ని అమ్మేవాడినే. కాని పేదవాడికి అవసరాలే ఉంటాయని, ముచ్చట్లు ఉండవని మనం ఎంత సులువుగా నిర్ణయించుకుంటామో ఈ కథ విన్నప్పుడల్లా జ్ఞాపకం వస్తుంది.

ధనం విషయంలో వారి పట్టుదల ఇంకా విచిత్రం. ప్రభుత్వ నిధులు తీసుకోరు. విరాళాలిచ్చేవారికి పన్ను రాయితీ కలిగించే నమోదు చేయించుకోరు. అన్నం పెట్టడానికి ప్రభుత్వ అనుమతిపత్రం ఎందుకన్నది ఆమె ప్రశ్న. 1972లో పన్నుల శాఖ, జరిమానాలతో కలిపి దాదాపు మూడు లక్షల డాలర్లు చెల్లించమని నోటీసు పంపింది. బ్యాంకులో నిలువ ఉంచే అలవాటే లేని ఇంటికి ఆ మొత్తం హాస్యాస్పదం. పత్రికలలో విమర్శలు రాగా ప్రభుత్వం అదే ఏడాది వెనక్కు తగ్గింది. అంతకుముందు క్రిస్టీ వీధి ఇంటిని భూగర్భ రైలుమార్గం కోసం నగరపాలకులు తీసుకొని పరిహారం ఇచ్చారు. చెల్లింపు ఆలస్యమైనందుకు మూడున్నర వేల డాలర్లకు పైగా వడ్డీ కలిపారు. 1960లో డొరొతీ ఆ వడ్డీని ఒక ఉత్తరంతో సహా తిప్పి పంపారు. వడ్డీ తీసుకోవడం ధర్మం కాదన్న ప్రాచీన క్రైస్తవ నియమాన్ని పీటర్ ఆమెకు నూరిపోశాడు. అప్పుల బాధలో ఉన్న ఇల్లు వడ్డీని తిప్పి పంపడం ఏ లెక్కకూ అందదు.

అంతకు నాలుగేళ్లు ముందు, 1956లో, అగ్నిమాపక నిబంధనలు పాటించలేదని న్యాయస్థానం ఆమెకు 250 డాలర్ల జరిమానా విధించింది. మురికివాడ ఇండ్ల యజమానురాలన్నట్లు ఆమెను బోనులో నిలిపారు. మరునాడు కోర్టుకు బయలుదేరుతుంటే, గుమ్మం వద్ద ఉన్నవారిలోనుండి నలిగిన దుస్తుల మనిషి ఒకడు ఆమె చేతిలో ఒక కాగితం పెట్టి, జరిమానాకు నా వంతు అంటూ ఏదో గొణిగాడు. రెండున్నర డాలర్లనుకొని ఆమె ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయారు. రైలులో విప్పి చూస్తే అది 250 డాలర్ల చెక్కు, సంతకం డబ్ల్యు.హెచ్. ఆడెన్. ఆంగ్ల సాహిత్యంలో ఆ తరం మహాకవులలో ఒకరు! ఆయన వేషం చూసి అన్నం కోసం వచ్చినవాడనుకొన్నందుకు ఆమె నొచ్చుకొన్నారు. న్యాయమూర్తి ఆ పిమ్మట జరిమానా రద్దు చేశారు.

ఇంతవరకు చెప్పినది కరుణ. వారు అంతటితో ఆగి ఉంటే అందరూ మెచ్చుకొనేవారు. అన్నం పెడుతూనే, ఈ వరుస ఎందుకు ఇంత పొడుగున్నదని అడగడం వల్లనే వారికి శత్రువులు పుట్టుకొచ్చారు. సమ్మె చేసే కార్మికుల పక్షాన నిలిచారు. 1949లో న్యూయార్క్ కార్డినల్ స్పెల్‌మన్ ఆధీనంలోని శ్మశానవాటికలో గుంతలు త్రవ్వేవారు సమ్మె చేస్తే, డొరొతీ తన మతపెద్దకు వ్యతిరేకంగా ఆ కూలీల పక్షాన నిలబడ్డారు. 1951లో మతకార్యాలయం ఆమెను పిలిపించి, పత్రిక పేరులోనుండి 'కాథలిక్' అన్న పదం తీసివేయమన్నది. మాజీ సైనికుల సంఘం కూడా ఆ పేరు పెట్టుకొన్నది, వారి అభిప్రాయాలు మీవేనని ఎవరూ అనుకోరు, మా విషయంలోనూ అంతేనని ఆమె వినయంగా జవాబు వ్రాశారు. పేరు మారలేదు. గురుపీఠానికి విధేయత, అన్యాయానికి అవిధేయత, ఈ రెండింటినీ ఒకే కొంగున ముడివేసుకొన్న స్త్రీ ఆమె.

యుద్ధం విషయంలో ఆమె వైఖరి మరీ కఠినం. ఏ యుద్ధమూ సమ్మతం కాదన్నారు. రెండవ ప్రపంచయుద్ధంలోనూ ఆ మాట మార్చలేదు. ఫలితంగా పత్రిక చందాదారులు వేలకు వేలు దూరమయ్యారు. ముప్పైకి పైగా ఉన్న ఆతిథ్య గృహాలలో సగానికి మించి మూతపడినవి. ఆ సమూహంలోనే యువకులు కొందరు సైన్యంలో చేరారు. ఈ విషయంలో నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించలేను. దుష్టుడు ఆయుధం పట్టి వచ్చినప్పుడు నిరాయుధుణ్ణి కాపాడడం కూడా ధర్మమేనని మా పెద్దలు నేర్పారు. అయినా, పాఠకులు తగ్గుతారని తెలిసి కూడా ఒక మాట మీద నిలిచిన సంపాదకురాలిని గౌరవించకుండా ఉండలేను. 1955 నుండి 1961 వరకు ఏటా న్యూయార్క్‌లో అణుదాడికి సన్నాహంగా సైరన్ మ్రోగితే అందరూ నేలమాళిగలలోకి పోవాలన్న నియమం ఉండేది. డొరొతీ, ఆమె మిత్రులు ఉద్యానవనంలో బల్లలమీద కూర్చుని కదలలేదు. చెరసాలకు వెళ్లారు. 1957లో ఒక నెల శిక్ష పడింది. 1973లో, 75 ఏళ్ల వయస్సులో, కాలిఫోర్నియాలో సీజర్ షావెజ్ నాయకత్వాన పోరాడుతున్న పొలం కూలీలతో కలిసి చివరిసారి అరెస్టయ్యారు.

పీటర్ కలగన్న సమష్టి వ్యవసాయ క్షేత్రాలు మాత్రం అంతగా ఫలించలేదు. నగరంనుండి వచ్చినవారికి నాగలి పట్టడం రాదు. మాట్లాడేవారు ఎక్కువ, పాలు పితికేవారు తక్కువ. పీటర్ చివరి ఐదేళ్లు జ్ఞాపకశక్తి, వాక్కు క్షీణించి, నోరు విప్పలేని స్థితిలో గడిపాడు. జీవితమంతా మాట్లాడిన మనిషి! 1949 మే 15న న్యూబర్గ్ వద్ద ఉన్న వారి క్షేత్రంలో కన్నుమూశాడు. ఎవరో ఇచ్చిన పాత సూటు తొడిగి, ఎవరో దానమిచ్చిన స్థలంలో సమాధి చేశారు.

మన దేశంతో ఈ ఉద్యమానికి గల సంబంధం కూడా చెప్పుకోవాలి. 1948లో గాంధీ మహాత్ముడు హత్యకు గురైనప్పుడు డొరొతీ తన పత్రికలో ఆయనకు శ్రద్ధాంజలి ఘటించారు. క్రైస్తవుడు కాని ఆయన క్రీస్తు బోధను ఎందరో క్రైస్తవులకంటే మిన్నగా ఆచరించాడన్నది ఆమె దృఢమైన అభిప్రాయం. 1970లో ఐలీన్ ఈగన్ అనే స్నేహితురాలితో ఆమె కలకత్తా వచ్చి మదర్ థెరీసాను కలిశారు. అక్కడ శిక్షణ పొందుతున్న కన్యలకు చెరసాల అనుభవాలు చెప్పారట. ఆ సంఘంలో శాశ్వత వ్రతం స్వీకరించినవారు మాత్రమే ధరించే సిలువను మదర్ థెరీసా స్వయంగా డొరొతీ దుస్తులకు గ్రుచ్చారు. ఆ గౌరవం పొందిన బయటివారు అరుదు.

నేడు ఇటువంటి గృహాలు అమెరికాలోను, లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి నగరాలలోను కలిపి నూట యాభైకి పైగా ఉన్నవి. వీటన్నింటికీ ప్రధాన కార్యాలయం లేదు, అధ్యక్షుడు లేడు, సభ్యత్వ రుసుము లేదు. ఒక ఇంటి పద్ధతి మరొక ఇంటిలో కనిపించదు. లాస్ ఏంజెలెస్‌లో 1970లో మొదలైన సమూహం గూడు లేనివారు వేలాదిగా ఉండే స్కిడ్ రో పేటలో ఉచిత వంటశాల నడుపుతున్నది. హ్యూస్టన్‌లో 1980లో మార్క్, లూయీస్ జ్విక్ దంపతులు 'కాసా హువాన్ డియెగో' అనే గృహాన్ని స్థాపించారు. ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం నుండి పారిపోయి వచ్చిన కాందిశీకులకోసం మొదలైన ఆ ఇల్లు, ఆ తరువాత పలు దేశాలనుండి వచ్చే వలసకూలీలకు, గాయపడి పనిచేయలేని స్థితిలో ఉన్నవారికి ఆశ్రయమైంది. అక్కడ కూడా జీతం తీసుకొనేవారు లేరు. డొరొతీ మనుమరాలు మార్తా హెనెసీ 2018లో జార్జియా రాష్ట్రంలోని అణు జలాంతర్గాముల స్థావరంలోకి మరికొందరితో కలిసి ప్రవేశించి నిరసన తెలిపి, పది నెలల కారాగార శిక్ష పొందారు. అమ్మమ్మ పోలికలు ఎక్కడికి పోతాయి!

డొరొతీని పునీతగా ప్రకటించాలన్న ప్రక్రియ 2000లో మొదలైంది. న్యూయార్క్ పీఠం విచారణ ముగించి 2021 డిసెంబరులో పత్రాలను రోముకు పంపింది. 2015 సెప్టెంబరులో పోప్ ఫ్రాన్సిస్ అమెరికా చట్టసభలో ప్రసంగిస్తూ లింకన్, మార్టిన్ లూథర్ కింగ్‌ల సరసన ఆమె పేరు ప్రస్తావించారు. ఆతిథ్య గృహాలలో ఉన్నవారిలో కొందరికి ఈ ప్రయత్నం రుచించలేదు. ఆ ఖర్చుతో ఎంతమందికి అన్నం పెట్టవచ్చునన్నది వారి లెక్క. పీఠమెక్కించి హారతి పడితే ఇక ఆమెను అనుసరించనక్కరలేదని జనం ఊరుకుంటారన్నది వారి భయం. తనను పునీత అనవద్దని, అంత సులువుగా తనను ప్రక్కన పెట్టడం తనకిష్టం లేదని డొరొతీ స్వయంగా అనేవారట. విగ్రహసేవలో జీవితం గడిపిన నాకు ఈ భయం అర్థమవుతుంది. దానికి సులువైన సమాధానం నావద్ద లేదు.

ఆమె 1980 నవంబరు 29న మేరీ గృహంలోని తన గదిలో పరమపదించారు. ఆ వేళ కూతురు టమార్ చెంతనే ఉన్నది. సాదా దేవదారు పెట్టెలో దేహాన్ని ఉంచి, మనుమలు భుజాలమీద మోస్తూ, దగ్గరలోని దేవాలయానికి నడిచారు. వెంట కార్మిక నాయకులు, పత్రికలవారు, మఠకన్యలు, వీధులలో పడుకొనేవారు, అందరూ కలగలిసిన జనం. దేవాలయ ద్వారం వద్ద కార్డినల్ కుక్ ఆశీర్వదించడానికి ముందుకు వచ్చారు. ఊరేగింపు ఆగింది. అప్పుడు మతి స్థిమితం లేని ఒక వ్యక్తి జనాన్ని త్రోసుకొంటూ వచ్చి, పెట్టెపైకి వంగి, చాలాసేపు దానినే తేరిపార చూస్తూ నిలబడ్డాడు. అతణ్ణి ఎవరూ ప్రక్కకు లాగలేదు.